ఒకే మకాన్, రెండు మౌసమ్‌లు

మా ఇంట్లో ఈ ఎండాకాలం ఒక ఝగడా నడుస్తోంది. కింది గదులు ఫరవాలేదు, మేడ మీది కమరా మాత్రం తందూర్. కొనేది ఒక్కటే ఏసీ. ఎవరి కమరాలో పెట్టాలి? పిల్లల బహస్ వింటుంటే మా దాదీమా మకాన్ యాదికొచ్చింది.

గరమీని పంచడం మన బుజుర్గులకు పాత విద్యే. ఇరాన్‌లోని యజ్ద్‌లో దౌలతాబాద్ బాగ్ బాద్‌గీర్ 33 మీటర్ల ఎత్తు. సింధ్ హైదరాబాద్‌లో గదికొక బాద్‌గీర్ చొప్పున కట్టి, పైగాలిని కింది అంతస్తుదాకా దించేవారు.

మన నెల్లూరు తీరానికి అలాంటి బురుజు అక్కరలేదు, సముందర్ ఉంది. అయితే వేసవిలో ముందు పడమటి వడగాలి వీస్తుంది. నేల బాగా కాగాక, మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి లోపలికొస్తుంది. వడగాలి జోరుగా ఉంటే ఆ గాలికి ఆలస్యమవుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటేది ఎక్కువగా అలాంటి రోజునే.

దాదీమాకు ఈ లెక్క తెలుసు. జుహర్ దాకా పడమటి దర్వాజాకు ఖస్ టట్టీ, అంటే వట్టివేళ్ల తడిక, తడిపి కట్టించేది. పొడిగాలికి నీళ్లు ఆవిరై గాలి చల్లబడేది. సముద్రపు గాలి తగలగానే తడిక తీయించి తూర్పు కిటికీలు తెరిపించేది. తేమగాలిలో తడిక పనిచేయదు, గాలి ఆడితేనే హాయి. లోపలి వేడి సెహన్ మీదుగా పైకి పోయేది. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నం గచ్చు వేసిన మిద్దె, పగలు తాగిన వేడిని రాత్రి వదిలేది. అందుకే ఇషా తర్వాత మంచాలన్నీ సెహన్‌లోకి వచ్చేవి. ఇంటిని చల్లబరచడమే కాదు, మనుషులే చల్లని చోటుకు కదిలేవారు.

దాదాజాన్ ఇంతెకాల్ తర్వాత విరాసత్ పంచుకున్నాం. ఎవరి హక్కు వారికి అందింది, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ సెహన్ మధ్యలో గోడ లేచింది. మా హిస్సాలో కాంక్రీటు మేడ వేసి, మిగిలిన జాగా కూడా కప్పేశాం. కింది వేడి మెట్లగుండా పైకెక్కి, ఎండకు కాగే స్లాబు కింద ఆగిపోతోంది. ఆ తప్పులో నాకూ హిస్సా ఉంది.

పిల్లలకు నా ఫైసలా చెప్పాను: ఏసీ హాల్లో పెడదాం, పగలు అందరం అక్కడే. ఛత్‌కు తెల్ల సున్నం కొట్టించి, మెట్ల పైన మూసేసిన కిటికీ తెరిపిస్తాను. అసర్ తర్వాత తూర్పు తలుపులు తెరిచే డ్యూటీ మాత్రం వంతులవారీగా వాళ్లదే.

మీరు విరాసత్ పంచుకునేటప్పుడు సెహన్‌ను ముష్తర్కాగా ఉంచే వీలుందేమో ఒక్కసారి మాట్లాడుకోండి. గోడ లేచాక ఆ గాలిని మళ్లీ పిలవడం ముష్కిల్.