ఆగిపోయిన సూది మందు

2011 మార్చిలో ఒక మందుకు ఆయుష్షు తీరింది. దాని కోసం ఎవరూ ఏడవలేదు. ఆ కథ పత్రికలకెక్కడానికే అయిదేళ్లు పట్టింది. నాకు మాత్రం ఆ మందు మీద బెంగ ఇప్పటికీ తీరలేదు. మన ఆడవాళ్లు అరవై ఏళ్లుగా ఒంటరిగా మోస్తున్న బరువులో సగం తాను ఎత్తుకుంటానని వచ్చి, గడప దాకా వచ్చి వెనక్కి పోయింది.

మగవాళ్ల కోసం తయారైన గర్భనిరోధక ఇంజెక్షన్ అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికాకు చెందిన కాన్‌రాడ్ సంస్థ కలిసి 2008లో దాని పరీక్ష మొదలుపెట్టాయి. ఏడు దేశాల్లో పది కేంద్రాలు. అందులో మన దేశమూ ఉంది. 18 నుంచి 45 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు 320 మంది, ఒకే తోడుతో ఏడాదికి పైగా కాపురం చేస్తున్నవాళ్లు, మంచీ చెడూ చెప్పించుకుని, సంతకాలు పెట్టి చేరారు. ఎనిమిది వారాలకోసారి రెండు సూదులు. ఒకదానిలో 200 మిల్లీగ్రాముల నెట్-ఎన్, అంటే నోరెథిస్టెరోన్ ఎనాంథేట్. రెండోదానిలో 1000 మిల్లీగ్రాముల టెస్టోస్టెరోన్ అన్‌డెకనోయేట్, అంటే మగ హార్మోన్.

రెండూ ఆముదంలో కరిగించిన మందులే. ఆముదం చిక్కన. టెస్టోస్టెరోన్ నాలుగు మిల్లీలీటర్లు ఉంటుంది కాబట్టి పిరుదు కండలోకి తొందరపడకుండా దించాలి, రెండు నిమిషాల దాకా పడుతుంది. ఆ నూనె కండలోనే నిలిచి, వారాల తరబడి కొద్దికొద్దిగా మందును నెత్తురులోకి వదులుతుంది.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలకు నిత్యం కబురు అందుతూ ఉంటుంది. నెట్-ఎన్ ఆ కబురును ఆపేస్తుంది, దాంతో వీర్యకణాల తయారీ ఆగుతుంది. కబురు లేకపోతే ఒంట్లో టెస్టోస్టెరోన్ కూడా తయారవదు. ఆ లోటు తీర్చడానికే రెండో సూది. ఆరు నెలల్లో నూటికి దాదాపు 96 మందిలో వీర్యకణాల సంఖ్య మిల్లీలీటరుకు పది లక్షలకో, అంతకన్నా తక్కువకో పడిపోయింది. ఆ తర్వాత ఆ సూదినే నమ్ముకుని కాపురం చేసిన 266 జంటల్లో గర్భం వచ్చింది నలుగురికి. ఆడవాళ్లు మింగే మాత్రకు తీసిపోని ఫలితం.

అయితే బాధలూ వచ్చాయి. మొటిమలు, సూది పడ్డ చోట నొప్పి, కండరాల నొప్పులు, కోరిక పెరగడం, చిరాకు, దిగులు. మనసు కుదురు తప్పడం గురించిన ఫిర్యాదులు ఎక్కువగా ఒక్క కేంద్రం నుంచే వచ్చాయి. ఒకతను ప్రాణం తీసుకున్నాడు. అది మందు వల్ల కాదని పరిశోధకులు తేల్చారు, అయినా ఒక నిండు ప్రాణం పోయిన మాట నిజం. దీన్ని నేను తేలిక చేయను. పరీక్షను మొదటి నుంచీ కనిపెట్టుకుని ఉన్న భద్రతా సంఘం కొనసాగించవచ్చంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున చూసిన మరో సమీక్షా బృందం ఆపమంది. ఆపేశారు. బాధలు తట్టుకోలేక మధ్యలో మానుకున్నవాళ్లు 20 మంది. ఆ మందు దొరికితే వాడతామన్నవాళ్లు నాలుగింట మూడు వంతుల మందికి పైనే. వాళ్ల మాట తీర్పులో ఎక్కడా తూగలేదు.

ఇదే నెట్-ఎన్ అంతకు పాతికేళ్ల ముందే మన తెలుగు నేల మీద అడుగుపెట్టింది. అప్పుడది ఆడవాళ్ల కోసం వచ్చింది.

1985లో హైదరాబాద్ పక్కనే ఉన్న పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పల్లెల నుంచి ఆడవాళ్లను పిలిపించారు. పిల్లలు పుట్టకుండా ఒక ఇంజెక్షన్ ఉందని చెప్పారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందన్న సంగతి చెప్పలేదు. నెలసరి గతి తప్పుతుందని, ఒక్కోసారి నెలల తరబడి ఆగిపోతుందని, లేదా ఆగకుండా అవుతూనే ఉంటుందని చెప్పలేదు. కూలికి పోయే మనిషికి, అంటు పట్టింపు ఉన్న ఇంట్లో మసిలే మనిషికి అలా ఎడతెగకుండా నెత్తురు పోవడం అంటే పొయ్యి దగ్గరికి, దేవుడి గూటి దగ్గరికి, మంచం దగ్గరికి వెళ్లే దారులన్నీ మూసుకుపోవడమే. విషయం తెలిసి స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం కార్యకర్తలు అక్కడికి వెళ్లారు. ఉన్నదున్నట్టు చెప్పమని డాక్టర్లను పట్టుబట్టారు. చెప్పాక వచ్చినవాళ్లలో చాలామంది లేచి ఇళ్లకు వెళ్లిపోయారు. చదువురాని ఆడవాళ్లకు ఇవన్నీ ఏం అర్థమవుతాయని అనుకున్నవాళ్లకు వాళ్లు చెప్పిన జవాబు అది.

1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీ నుంచి సహేలీ, అహ్మదాబాద్ నుంచి చింగారీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. తెలుగువాళ్లూ గుజరాతీలూ కలిసి ఒకే కాగితం మీద సంతకం చేసిన ఆ పిటిషన్ గురించి గుజరాత్‌లో మేముంటున్న ఈ సూరత్‌లో నేనెవరి నోటా వినలేదు, అందుకే మరీ చెప్పాలనిపిస్తుంది. నెట్-ఎన్‌ను జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో పెట్టబోమని కేంద్రం కోర్టుకు చెప్పింది 2000లో. పద్నాలుగేళ్లు. మగవాళ్ల విషయంలో అదే మందుకు కోర్టు అవసరం పడలేదు, ఊరేగింపులు అవసరం పడలేదు. ఒక సంఘం కూర్చుంది, నొప్పులూ దిగులూ లెక్కవేసింది, ఆపింది.

ఆడవాళ్ల మాత్ర పుట్టుకలోనే ఈ తేడా ఉంది. 1956లో ప్యూర్టోరికోలో దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు, నూటికి 17 మందికి వికారం, తలతిరుగుడు, తలనొప్పి, కడుపునొప్పి వస్తున్నాయని అక్కడి వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే నివేదిక ఇచ్చింది. ఇన్ని బాధలున్న మందు అందరికీ పనికిరాదంది. ఆమె మాట పక్కన పెట్టారు. 1960లో అమెరికాలో ఆ మాత్రకు అనుమతి వచ్చింది.

ఈ తేడాకు వైద్యనీతి చెప్పే సమాధానం ఒకటుంది. గర్భం వల్ల ప్రాణాపాయం ఆడదానికి, కాబట్టి మందు వల్ల వచ్చే కొంత ముప్పును ఆమె విషయంలో ఒప్పుకోవచ్చు. మగవాడు గర్భం మోయడు, కాబట్టి అతని ఒంటికి చిన్న హాని కూడా దండగే. విన్నంతసేపు సబబుగానే ఉంటుంది. ఆ త్రాసులో ఇద్దరినీ విడివిడిగా తూచారు, నా అభ్యంతరం అక్కడే. కాపురం ఇద్దరిదీ. అతను సూది వేయించుకుంటే ఆమెకు మాత్ర తప్పుతుంది, ఆమెకు తప్పిన హాని కూడా ఆ మందు పుణ్యమే. ఆ పుణ్యాన్ని ఏ సంఘమూ లెక్కలో రాసుకోలేదు.

ఆడవాళ్లు ఆ హానిని ఎలా మోస్తున్నారో తెలియాలంటే మా సూరత్‌లోని లింబాయత్, ఉధనా వైపు వచ్చి చూడండి. కరీంనగర్, వరంగల్, నల్గొండ నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. మునిసిపాలిటీ తెలుగు బళ్లు కూడా నడుపుతోంది. బతుకమ్మ దగ్గరపడితే, ఇంట్లో పెళ్లో వ్రతమో ఉంటే, నెలసరి వెనక్కి జరిపే మాత్రలకు మెడికల్ షాపులో గిరాకీ. అవి నోరెథిస్టెరోనే, పటాన్‌చెరు సూదిలో ఉన్న మందుకు తోబుట్టువే. తేదీకి మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడు. చీటీ అడిగే నాథుడుండడు. నీకు రక్తం గడ్డకట్టే జబ్బేమైనా ఉందా అమ్మా అని అడిగేవాళ్లూ ఉండరు. తల పగిలిపోతోందంటే అత్త అనేది ఒకటే: “ఓర్చుకో బిడ్డా, పండుగ అయిపోని.”

ఇక మగవాళ్లను చూడండి. కండల కోసం జిమ్ముల్లో టెస్టోస్టెరోన్ సూదులు పొడిపించుకునే కుర్రాళ్లు ఏ నగరంలోనైనా ఉన్నారు. బయటి నుంచి ఎక్కించే ఆ హార్మోన్ కూడా పిట్యూటరీ కబురును ఆపేస్తుంది, వీర్యకణాలను తగ్గిస్తుంది. మగతనం పెంచుతుందనే పేరు ఉంటే మగవాళ్లకు హార్మోన్ అంటే భయం లేదు. పిల్లలు పుట్టకుండా అనేసరికి భయం వస్తుంది.

మగవాళ్లకు చేసే పిల్లల ఆపరేషన్, వేసక్టమీకి పట్టిన గతి కూడా ఇదే. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, అరవై లక్షలకు పైగా మగవాళ్లకు ఆపరేషన్లు చేశారు, ఎందరినో బలవంతంగా. ఆ దెబ్బకు ప్రభుత్వం పడిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు మగవాళ్ల జోలికి పెద్దగా పోలేదు, కార్యక్రమాన్ని దాదాపుగా ఆడవాళ్ల మీదికే తిప్పేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయినవాళ్లలో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు 37.9 శాతం, మగవాళ్లు 0.3 శాతం. మన రెండు రాష్ట్రాల్లో ఆడవాళ్ల లెక్క అరవై శాతం దాటుతుంది. “ఆయన సాంచెల (మరమగ్గాల) మీద నిలబడే మనిషి, బలం తగ్గితే ఇల్లెట్ల గడుస్తది, నాకే చేయండి” అని భార్యే ముందుకొస్తుంది. వేసక్టమీతో బలం తగ్గదు. ఆ సంగతి ఆమెకు నిదానంగా కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. ఆయనకు చెప్పినవాళ్లు అసలే లేరు.

2017 నుంచి సర్కారు దవాఖానాల్లో ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. మూడు నెలలకోసారి, అదీ ఆడవాళ్లకే. 2018లో మగవాళ్ల కోసం నెస్టోరోన్ అనే హార్మోన్, టెస్టోస్టెరోన్ కలిపిన గర్భనిరోధక జెల్ మీద పరీక్ష మొదలైంది. రోజూ భుజాలకు రాసుకోవాలి, సూది బాధ లేదు. చేరినవి నాలుగు వందలకు పైగా జంటలు. ఈ మందుకూ ఒకరోజు తీర్పు చెప్పే సంఘం కూర్చుంటుంది. ఆ బల్ల మీద అతని మొటిమల లెక్క పక్కనే, ఆమె మానేసిన మాత్రల లెక్క, ఆమెకు తగ్గిన తలనొప్పుల లెక్క కూడా పెట్టమని ఇప్పటి నుంచే అడగాలి.