చోటు ఎవరిది? స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కొన్ని ప్రశ్నలు

బడిలో మనం చదువుకున్న భూగోళశాస్త్రంలో నదులుంటాయి, పంటలుంటాయి, సరిహద్దులుంటాయి. మనుషులు జనాభా లెక్కల్లో అంకెలుగా మాత్రమే కనిపిస్తారు. ఆ నదిలో నీళ్ళు ఎవరు ముంచుకోవచ్చు, ఎవరు ముట్టకూడదు, ఆ సరిహద్దు ఎవరు గీశారు అన్న ప్రశ్నలకు ఆ పుస్తకాల్లో తావు లేదు. ఈ ప్రశ్నల్ని అడగటానికే విమర్శనాత్మక భూగోళశాస్త్రం అనే ధోరణి పుట్టింది. డేవిడ్ హార్వే 1973లో సామాజిక న్యాయాన్నీ నగరాన్నీ కలిపి పుస్తకం రాశాడు. డోరీన్ మాసీ 1994లో స్థలం, చోటు, జెండర్ ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా తయారు చేస్తాయో చర్చించింది. ఒకే దారిలో అందరూ ఒకేలా నడవలేరనీ, కదలగలిగే శక్తి కూడా అధికారంలో భాగమేననీ ఆమె వాదన. ఈ ధోరణికి చెందిన అంతర్జాతీయ సదస్సు 1997లో వాంకూవర్‌లో మొదలై, అయిదోసారి 2007 డిసెంబర్‌లో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో జరిగింది. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్, రమల్లా, ఏథెన్స్ నగరాలకు వెళ్ళింది.

ఇలాంటి సదస్సుల్లో వినిపించే సిద్ధాంతాలు మనకు అవసరమే. కానీ ఆ సిద్ధాంతాల్ని అరువు తెచ్చుకుని మన ఊళ్ళకు అతికించే ముందు, ఈ ప్రశ్నల్ని మన స్త్రీలు ఏ పేరూ పెట్టకుండానే ఎప్పుడు, ఎక్కడ అడిగారో వెతకాలనిపిస్తుంది. ఆ వెతుకులాటను ఒక చిన్న చోటు నుంచి మొదలుపెడతాను. అది స్టేషన్ ఘన్‌పూర్.

ఊరి పేరే ఒక చరిత్ర పాఠం. ములుగు దగ్గర ఒక ఘన్‌పూర్ వుంది. జనగామ దగ్గర లింగాల ఘన్‌పూర్ వుంది. ఈ ఘన్‌పూర్‌ను వాటి నుంచి వేరు చేసింది రైలు స్టేషనే. ఊరు తన దేవుడి పేరో చెరువు పేరో కాకుండా స్టేషన్‌ను ముందు తగిలించుకుంది. ఈ రైలు మార్గం వెనుక లండన్ పెట్టుబడి, నిజాం ఖజానా ఇచ్చిన హామీ, సింగరేణి బొగ్గు వున్నాయి. సికింద్రాబాద్ నుంచి వచ్చిన లైను 1886లో వరంగల్ చేరింది, 1889లో బెజవాడ చేరింది. అంతకుముందు 1883లోనే, చాందా రైల్వే పథకం పేరుతో రాష్ట్రం సొమ్మును ఏ షరతుల మీద ధారపోస్తున్నారో చెప్పమని హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్ళు ఆందోళన చేశారు. ఆ ఆందోళనలో పాల్గొన్నందుకు అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచి పంపించేశారు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. పట్టాలు ఎక్కడ వేయాలి, ఎవరి డబ్బుతో, ఎవరి లాభానికి అన్నది ఇక్కడ నూటనలభై ఏళ్ళ కిందటి ప్రశ్న. అయితే ఆ ప్రశ్న అడిగిన సభల్లో స్త్రీల పేర్లు మనకు కనిపించవు. రైలుకట్ట మీద మట్టి మోసిన కూలి స్త్రీల పేర్లు అసలే కనిపించవు.

రైలు వచ్చినా గడి కదల్లేదు. స్టేషన్ ఘన్‌పూర్‌కు దక్షిణాన పాలకుర్తి, విసునూరు, కడవెండి వున్నాయి. తెలంగాణ సాయుధ పోరాటం రాజుకున్న ఊళ్ళు ఇవే. అప్పట్లో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో వుండేది. తర్వాత వరంగల్‌లో కలిసింది. 2016 అక్టోబర్ 11న జనగామే జిల్లా అయింది, స్టేషన్ ఘన్‌పూర్ కూడా వరంగల్‌ను వదిలి అందులోకి వెళ్ళింది. గీతలు మారాయి కానీ ఆ గీతల లోపల భూమి ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే వుంది.

గడిని మనం సాధారణంగా దొర ఇల్లుగా చూస్తాం. నిజానికి అది ఊరిమీద అధికారాన్ని కట్టడంగా నిలబెట్టిన రూపం. ఎత్తయిన గోడ, పెద్ద దర్వాజ, దాని ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిన మనుషులు. చాకలి, కుమ్మరి, మాదిగ, మంగలి అందరి పనీ వెట్టిగా ఆ గోడ లోపలికే వెళ్ళేది. స్త్రీలకు ఆ గోడ మరింత భయంకరమైనది. పెళ్ళికూతురితో పాటు అరణంగా పంపే ఆడబాపల జీవితం దాని లోపలే మొదలై దాని లోపలే ముగిసేది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నవలలో వనజ పాత్ర ద్వారా ఈ వ్యవస్థను చూపించాడు. సాహిత్య విద్యార్థులుగా మనం ఆ నవలను పాత్ర చిత్రణ కోసం, మాండలికం కోసం చదివాం. గది, వాకిలి, గోడ ఒక స్త్రీ శరీరం మీద హక్కును ఎలా నిర్ణయిస్తాయో చెప్పే పుస్తకంగా చదవటం ఇంకా మిగిలే వుంది.

అయితే గడిలో వున్న స్త్రీలంతా బందీలు కాదు. కడవెండి గడి నుంచి ఊరిని ఏలింది విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి తల్లి జానమ్మ దొరసాని. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయింది ఆ ఊళ్ళోనే. గోడకు ఏ వైపు వున్నావన్నది స్త్రీ కావటంతోనే తేలిపోదని ఈ చరిత్ర చెబుతుంది. కులమూ వర్గమూ వదిలేసి స్థలాన్ని జెండర్‌తో మాత్రమే చదివితే, జానమ్మను, ఆమె గడిలో వెట్టి చేసిన స్త్రీని ఒకే పేజీలో ఒకే పేరుతో పిలవాల్సి వస్తుంది.

పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ, మనం చాకలి ఐలమ్మగా పిలుచుకునే మనిషి, మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. కులవృత్తి చేసుకోవాల్సిన మనిషి సేద్యానికి దిగటమే ఆ రోజుల్లో చోటు దాటటం. దేశ్‌ముఖ్ ఆ భూమినీ పంటనూ లాక్కోబోతే ఆమె తలవంచలేదు. సంఘం కార్యకర్తలు వచ్చి పంట కోసి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. తర్వాత కేసులు, దాడులు అనుభవించింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఐలమ్మ నిలబడింది పట్టా కాగితం మీద కాదు, దున్నిన హక్కు మీద. ఆమె పేరుతో కౌలు వుంది, చెమట వుంది, యాజమాన్యం లేదు.

పోరాటం మొత్తానికి పుచ్చలపల్లి సుందరయ్య చెప్పిన లెక్కలు మనకు తెలిసినవే: సుమారు 3,000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపిణీ, 4,000 మంది మరణం. ఈ లెక్కల్లో స్త్రీలు ఎక్కడున్నారన్న ప్రశ్నను స్త్రీశక్తి సంఘటన వేసింది. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ ప్రశ్నకు స్త్రీల నోటినుంచే జవాబులు సేకరించింది. ఐలమ్మ గొంతు కూడా అందులో వుంది. ఆ పుస్తకాన్ని చోటు గురించిన పుస్తకంగా ఇప్పుడు చదివితే మరో పటం కనబడుతుంది. దళంతో అడవికి వెళ్ళిన దారులు, బిడ్డను వదిలి వెళ్ళాల్సి వచ్చిన ఇళ్ళు, కొరియర్‌గా ఉత్తరాలు మోసిన బాటలు. చివరికి 1951లో పోరాటం విరమించాక తిరిగి వెళ్ళమన్న చోటు: వంటిల్లు. పోరాటం స్త్రీలకు ఊరు దాటే దారి ఇచ్చింది, దాటినవాళ్ళు నిలవటానికి చోటు మాత్రం ఇవ్వలేకపోయింది.

సభలు, సదస్సులు కూడా స్థలాలేనని మర్చిపోతుంటాం. 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి జరిగింది. దానితోపాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. స్త్రీలకు వేదిక దొరికింది, కాని అది పక్క వేదిక. అదే జోగిపేటలో భాగ్యరెడ్డివర్మ మాట్లాడటానికి సనాతనులు అడ్డు చెప్పారు. ప్రజల హక్కుల కోసం ఏర్పడిన సభలోనే ఎవరు వేదిక ఎక్కవచ్చన్నది తగాదా అయింది. సభకు వచ్చిన స్త్రీలలో దళిత స్త్రీలు ఎక్కడ కూర్చుని వుంటారన్న ప్రశ్న ఆ రెండు సభల మధ్య పడిపోయింది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను ఆదర్శంగా చూడటానికి నిరాకరించాడు. ఊరూ వాడా వేరుగా వున్నంతకాలం ‘మన ఊరు’ అనే మాటలో ‘మన’ ఎవరిదో అడగాల్సిందే. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’, 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి తెచ్చిన ‘నల్లరేగటి సాల్లు’ స్త్రీవాద సాహిత్యాన్ని అడిగింది కూడా ఇదే. ఇల్లు నుంచి విముక్తి గురించి మనం రాసుకుంటున్నప్పుడు, వాళ్ళు వాడ నుంచి, పొలం గట్టు నుంచి, ఊరి బావి నుంచి మాట్లాడారు.

ఇక వర్తమానానికి వద్దాం. హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు 2024లో ప్రభుత్వం ప్రకటించింది. సంతోషించాల్సిన విషయమే. కౌలుదారు స్త్రీ పేరు ఒక విశ్వవిద్యాలయం గేటు మీద చేరటం చిన్న సంగతి కాదు. కానీ ఐలమ్మ ఈరోజు పాలకుర్తిలో కౌలు చేస్తుంటే కాగితాల్లో ఎక్కడుండేది? 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే గుర్తింపు ఇచ్చింది. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2018 మేలో మొదలైన రైతుబంధు మాత్రం పట్టాదారుకే దక్కింది, కౌలుదారుకు దక్కలేదు. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకు సమాన వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలయినట్టు చట్టం చెబుతుంది. ఐలమ్మ చనిపోయింది సెప్టెంబర్ 10న. అయిదు రోజుల తేడా. కానీ ఆ చట్టం పంచింది వున్నవాళ్ళ భూమిని. భూమి లేని ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు వాటా అడగటానికి అక్కడ ఏమీ లేదు.

స్టేషన్ ఘన్‌పూర్ షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన నియోజకవర్గం. తెలంగాణ ఏర్పడ్డాక ఉపముఖ్యమంత్రులుగా పనిచేసిన మొదటి ఇద్దరు దళిత నాయకులు ఈ నియోజకవర్గ రాజకీయాల నుంచి వచ్చినవాళ్ళే. అధికార పటంలో ఇంత ప్రముఖంగా వున్న చోట, నాట్లేసే దళిత స్త్రీ పేరు ఏ రిజిస్టర్‌లో వుందన్నది అడగదగిన ప్రశ్న. ప్రాతినిధ్యం అవసరం. అది భూమికి ప్రత్యామ్నాయం కాదు.

అందుకే విమర్శనాత్మక భూగోళశాస్త్రం, సామాజిక న్యాయం అన్న పేరుతో మన విశ్వవిద్యాలయాలు సదస్సు పెట్టదలిస్తే, దాన్ని స్టేషన్ ఘన్‌పూర్ లాంటి మండల కేంద్రంలో పెట్టమని అడుగుతాను. పేపర్లు తెలుగులో చదువుదాం. పహాణీలు తెచ్చి, సొంతదారు గడిలో ఎవరి పేరుందో, నిజంగా సాగు చేస్తున్నదెవరో పక్కపక్కన పెట్టి చూద్దాం. డిగ్రీ చదివే అమ్మాయిలు తాము ఒంటరిగా నడవగలిగే దారులేవో, పొద్దుగూకితే మూసుకుపోయే దారులేవో తామే పటం గీయాలి. కౌలు చేస్తున్న స్త్రీలు వక్తలుగా రావాలి, ‘సమాచారం ఇచ్చేవాళ్ళు’గా కాదు. ఆరోజు వాళ్ళు పోగొట్టుకునే కూలి డబ్బుల్ని సదస్సు ఖర్చుల్లోనే చూపించాలి. ప్రధాన వక్త విమానం టికెట్‌కు బడ్జెట్ దొరుకుతున్నప్పుడు దీనికి దొరకకపోదు. దొరకదంటే, ఆ సదస్సులో సామాజిక న్యాయం బ్యానర్ మీదే ఆగిపోయిందని అర్థం.