తెలిసిన మనస్సు, తెలియని మనస్సు: అగస్టీన్ జీవితం నుండి ఒక చారిత్రక పరిశీలన

మన నిర్ణయాల్లో మనకు తెలియని మనస్సు పాత్ర ఎంత అనే ప్రశ్న రాగానే చాలామందికి ఫ్రాయిడ్ గుర్తుకు వస్తాడు. కలల మీద ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథం మీద ఉన్న సంవత్సరం 1900. అయితే అచేతన మనస్సు అనే మాట లేని కాలంలోనే, ఇంచుమించు పదిహేను శతాబ్దాల ముందు, ఒక సంఘ కాపరి ఈ ప్రశ్నను తన జీవితంలోనే వెదికాడు. ఆయన ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీన్ (354-430). ఆయన ఆత్మకథ 'కన్ఫెషన్స్'లోని మూడు సందర్భాలను ఇక్కడ పరిశీలిద్దాం.

1. దొంగిలించిన పండ్లు

పదహారేళ్ల ప్రాయంలో అగస్టీన్ స్నేహితులతో కలిసి రాత్రివేళ ఒక చెట్టు పండ్లు దొంగిలించాడు. ఆకలి వల్ల కాదు. అంతకంటే మంచి పండ్లు ఆయనకు ఉన్నాయి. ఎక్కువ భాగం పందులకు పారవేశారు. మరి ఎందుకు చేసినట్లు? బిషప్పు అయ్యాక కూడా ఆయన ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. ఒంటరిగా ఉంటే ఆ పని చేసేవాణ్ణి కానని మాత్రం గుర్తించాడు. నిర్ణయం తనదే, కాని దానిలో గుంపు బలం పని చేసింది.

2. మిలాన్ తోట

386లో మిలాన్‌లో ఆయన బుద్ధి సువార్త సత్యాన్ని అంగీకరించింది. జీవితం మాత్రం కదలలేదు. దీనికి ఆయన చెప్పిన కారణం అలవాటు. కోరికకు లోబడితే అది అలవాటవుతుంది. అలవాటును ఎదిరించకపోతే అది విడిపించుకోలేని సంకెల అవుతుంది. చెయ్యి ఎత్తమంటే శరీరం వెంటనే వింటుంది గాని, మనస్సు తనకు తాను ఇచ్చుకున్న ఆజ్ఞను వినదని ఆయన ఆశ్చర్యపడ్డాడు. ఆ తోటలోనే రోమా 13:13-14 చదివి ఆయన మారాడు. 387 ఈస్టరు పండుగకు అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాడు.

3. బిషప్పు కలలు

కథ అక్కడితో ముగిస్తే మన సాక్ష్యపు కూటాలకు సరిపోయేది. అగస్టీన్ ముగించలేదు. పదేళ్లు దాటాక కూడా పాత అలవాట్ల రూపాలు తన కలల్లోకి వస్తున్నాయని, మెలకువలో బలం లేని అవి నిద్రలో తన సమ్మతిని కూడా లాగుతున్నాయని పదవ పుస్తకంలో రాశాడు. అప్పుడు నేను నేను కానా అని దేవుణ్ణి అడిగాడు. ఒక బిషప్పు తన సంఘం చదివేలా ఇది రాయడం చిన్న విషయం కాదు. మనిషి తలచుకుంటే ఆజ్ఞలన్నీ పాటించగలడన్న పెలాగియస్‌తో తరువాత వచ్చిన వివాదానికి వేరు ఇక్కడే ఉంది. 418లో కార్తేజు సభ పెలాగియస్ బోధను తిరస్కరించింది.

మన సంఘానికి

అలవాటంతా చెడ్డది కాదు. మనం ఆలోచించకుండానే నడుస్తాం, ప్రార్థనకు మోకరిస్తాం. అలవాటు పడిన పనికి ధ్యాస అంతగా అవసరం లేదని విలియం జేమ్స్ 1890లో వివరించాడు. అయితే ధ్యాస లేనిచోటనే పాత పాపమూ దాక్కుంటుంది. మాలో కులం లేదని చెప్పే విశ్వాసి అబద్ధమాడటం లేదు. ప్రభువు బల్ల దగ్గర అందరితో పాలు పొందుతాడు. పిల్ల పెండ్లి మాట వచ్చినప్పుడు మాత్రం మొదటి ప్రశ్న దానంతటదే నోటికి వస్తుంది. నేను వేరుగా ఉన్నానని చెప్పలేను. ఒక సంవత్సరం నా గృహ దర్శనాల పుస్తకం తిరగేస్తే, తరచుగా వెళ్లిన ఇళ్లు దాదాపు అన్నీ నా బంధువర్గానివే. అలా నిర్ణయించుకున్న జ్ఞాపకం నాకు లేదు.

నిర్ణయించుకొమ్మని మనం ప్రసంగిస్తాం, అది అవసరమే. అయితే చేతులెత్తించడంతో కాపరి పని పూర్తి కాదు. తెలియక చేశానన్నది సాకు కాదు, ఒప్పుకోలుకు ప్రారంభం. తనకే కనబడని తప్పుల నుండి శుద్ధి చేయమని కీర్తనకారుడు అడిగిన ప్రార్థన (కీర్తన 19:12) ముందుగా కాపరుల నోట రావాలి.