బల్ల మీది కుస్తీ – ఒక పాత తగవు



ఈసారి ఛందస్సు జోలికీ వ్యాకరణం జోలికీ పోవడం లేదు. ఒక ఆటను గురించి వ్రాస్తున్నాను. తెలుగు పండితునికి కండబలంతో పనేమిటని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చు. చివరిదాకా చదివి నవ్వితే మరీ సంతోషం.

కురుపాం ప్రాంతంలోని ఒక పాఠశాలలో నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ల మాట. వర్షాకాలం, మధ్యాహ్నం గంట. హాజరు పట్టీ కోసం వెళ్లి నేను తరగతికి ఆలస్యంగా వచ్చాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక బల్ల చుట్టూ మూగి కేకలు వేస్తున్నారు. ఇద్దరు మోచేతులు బల్లపై ఆనించి, అరచేతులు బిగించి పట్టు పడుతున్నారు. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎండుకొమ్మ విరిగిన చప్పుడు వినబడింది. విరిగింది కొమ్మ కాదు, మోచేతికి పైనున్న దండ ఎముక.

ఆ పిల్లవాడు కొండ మీది గూడెం నుండి వచ్చి వసతిగృహంలో ఉండి చదువుకొనేవాడు. పద్యం అప్పజెప్పమంటే తల వంచుకొని నిలబడేవాడు. లెక్కల్లోనూ అంతే. ఆ తరగతిలో వాడు తల ఎత్తుకొని కూర్చొనే చోటు ఆ బల్ల ఒక్కటే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. చెయ్యి అతికింది గాని ఆ ఏడాది వాడు బడికి తిరిగి రాలేదు. నేను మాత్రం మరునాడే నల్లబల్లపై "చేతికుస్తీ పట్టినవారు దండనార్హులు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాశాను. ఉద్యోగ విరమణ దాకా ఆ శాసనాన్ని అమలు చేశాను.

కొంతకాలం క్రితం సంతలో ఒక నడివయసు మనిషి నన్ను గుర్తుపట్టి దండం పెట్టాడు. వాడే. చింతపండు అమ్ముకోవడానికి వచ్చాడు. క్షేమసమాచారాలు అయిన తరువాత కుడి చెయ్యి చాచి చూపి, నవ్వుతూనే అన్నాడు: "ఆ దినం నేను ఓడిపోనేదు మాస్టారూ. సెయ్యి ఇరిగిందంతే."

ఇన్నేళ్లూ వాడు మోస్తున్నది నొప్పిని కాదు, తేలని తీర్పును. ఆ మాటే నన్ను ఈ ఆట చరిత్ర తిరగేసేలా చేసింది.

ముందుగా పేరు సంగతి. మన వైపు చేతికుస్తీ అంటాం. ఉత్తరాదిన పంజా అంటారు, ఇంగ్లీషు చదువుకొన్నవారు ఆర్మ్‌రెజ్లింగ్ అంటారు. పంజా పారసీక పదం. ఆ భాషలో 'పంజ్' అంటే అయిదు. మన 'పంచ' శబ్దానికి తోబుట్టువు. అయిదు వేళ్లున్నది గనుక పంజా. అయిదు నదుల నేల పంజాబు అయినట్లే. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట పులికే అంటుకొన్నది. మనిషి చేతికి పంజా అంటే మనకు కొంచెం భయమే. వస్తాదు అనే మాటకూ ఇదే గతి. పారసీకంలో 'ఉస్తాద్' అంటే గురువు. తాలింఖానా అంటే శిక్షణ ఇచ్చే చోటు. తెలుగు వాడుకలో వస్తాదు పోనుపోను కండలు తిరిగిన మోటుమనిషి అయిపోయాడు. గురువు అనే అర్థం జారిపోయి దండబలం ఒక్కటే మిగిలింది. కండబలం క్రీడలకు మన సమాజంలో జరిగిందంతా ఈ ఒక్క మాట చరిత్రలో కనబడుతుంది. గురువు ఉన్నంతకాలం అది విద్య. గురువు తప్పుకొంటే అది తగాదా.

దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టిన వీరఘట్టం మాకు పొరుగే. చాలాకాలం కురుపాం విజయనగరం జిల్లాలోనూ వీరఘట్టం శ్రీకాకుళం జిల్లాలోనూ ఉండేవి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక రెండూ ఒకే జిల్లా ఊళ్లయ్యాయి. అంటే 1880ల ఆరంభంలో పుట్టిన ఆ మహాబలుడు ఇప్పుడు మా జిల్లావాడు!

ఆయన పేరు చెప్పగానే ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం, కార్లను కదలకుండా పట్టి నిలపడం గుర్తుకు వస్తాయి. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. అవన్నీ అందరూ చెప్పుకొనేవే. నేను మీ దృష్టికి తేదలచినది వేరొకటి. ఆయన సర్కసుకు యజమాని కాకముందు బడిపంతులు. విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగి, సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశారు. తరువాత పొట్టి పంతులు గారి తోడ్పాటుతో సర్కసు పెట్టారు.

ఆ రోజుల్లో సర్కసువాడంటే గౌరవం ఏపాటి? ఊరూరా తిరిగే ఆటగాళ్ల గుంపు అనే చిన్నచూపే ఎక్కువ. రామ్మూర్తి గారు ఆ చిన్నచూపును ఏనుగుతో మాత్రమే అణచలేదు. తన బలం వరమో మాయో అనలేదు. ప్రాణాయామం, నియమం, శాకాహారం, సాధన అని చెప్పేవారు. అంటే చూసి చప్పట్లు కొట్టినవాడు ఇంటికి పోయి తానూ ప్రయత్నించడానికి ఒక దారి చూపించారు. బలాన్ని చూపిస్తే జనం పోగవుతారు. బలం ఎలా వస్తుందో నేర్పితే గౌరవం వస్తుంది. ఆయనకు రెండూ దక్కాయి. 1942 సంక్రాంతి దినాల్లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. నేడు శ్రీకాకుళంలో ఆయన పేరిట క్రీడామైదానం ఉన్నది, విశాఖ సముద్రతీరాన విగ్రహం ఉన్నది.

ఇక చేతికుస్తీ కథ. ప్రపంచంలో దీనికి తొలి పేరు తెచ్చిన ఊరు అమెరికాలో, కాలిఫోర్నియాలోని పెటలూమా. కోడిగుడ్ల వ్యాపారానికి ప్రసిద్ధి కెక్కిన ఊరు. మా మల్లయోధుని ఇంటిపేరు కోడి, ఆ ఆట పుట్టినిల్లు కోళ్ల ఊరు. ఈ శ్లేష నాది కాదు, విధిది! అక్కడ 1952లో బిల్ సోబరేన్స్ అనే పాత్రికేయుడు ఒక మద్యశాలలో ఊరివారి మధ్య జరిగే పట్టులను చూసి పోటీగా మార్చాడు. తన పత్రికలో దాన్ని గురించి వ్రాస్తూ పోయాడు. 1962 నాటికి అది ప్రపంచ పోటీ అనిపించుకొన్నది. 1968లో చార్లెస్ షుల్జ్ గీసిన చిత్రకథల్లో స్నూపీ అనే కుక్క కూడా ఆ పోటీకి బయలుదేరింది. తీరా చూస్తే కుక్కకు బొటనవేలు లేదు, నిబంధన ఒప్పుకోలేదు. 1969 నుండి అక్కడి దూరదర్శన ప్రసారాల్లో ఆ పోటీకి చోటు దొరికింది. 1987లో సిల్వెస్టర్ స్టాలోన్ నటించిన 'ఓవర్ ది టాప్' చిత్రం ఆ పేరును మరింత దూరం తీసుకుపోయింది.

పేరు వచ్చింది. గౌరవం వచ్చిందా? మద్యశాల వాసన అంత సులభంగా పోలేదు. తాగినవాళ్ల పందెం అనే ముద్ర చాలాకాలం దాన్ని వెంటాడింది. ఆ ముద్ర చెరిపే పని కథానాయకుల వల్ల కాలేదు, నిబంధనల వల్ల మొదలైంది. 1977లో ప్రపంచ సమాఖ్య ఏర్పడింది, 1979లో కెనడాలో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి.

ఆ నిబంధనలు చదివినప్పుడు నాకు వ్యాకరణ సూత్రాలు చదివినంత ముచ్చట వేసింది. నిలబడి ఆడే ప్రత్యేకమైన బల్ల. మోచేతికి మెత్త. ఓడిన చెయ్యి తాకవలసిన మెత్త వేరు. ఖాళీగా ఉన్న చెయ్యి బల్లకు బిగించిన పిడిని పట్టుకోవాలి. పట్టు కుదిర్చేది ఆటగాళ్లు కాదు, మధ్యవర్తి. బొటనవేలి కణుపు కనబడాలి, మణికట్టు తిన్నగా ఉండాలి, భుజాలు బల్లకు సమంగా ఉండాలి. మోచెయ్యి మెత్త మీదనుండి లేస్తే తప్పు. రెండు తప్పులకు ఓటమి. పట్టు జారితే పటకాతో చేతులు రెండూ కట్టి మళ్లీ ఆడిస్తారు. బరువును బట్టి తరగతులు, కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. నలభై, యాభై, అరవై దాటినవారికి కూడా వేర్వేరు తరగతులున్నాయి. నేనింకా అర్హుడనే అని ఇంట్లో చెబితే నవ్వారు.

అన్నిటికంటె నన్ను ఆపివేసిన సూత్రం ఒకటి ఉన్నది. ఓడిపోతున్నవాడు సాధారణంగా ముఖం పక్కకు తిప్పుకొని, భుజాన్ని దూరంగా లాగుతూ, చేతిని మాత్రం వెనుక వదిలి బలమంతా పెడతాడు. అప్పుడు శరీరం ఒకవైపు, చెయ్యి మరొకవైపు తిరిగి, తడిగుడ్డను పిండినట్లు దండ ఎముక మెలిపడుతుంది. ఎముక ఎంత గట్టిదైనా మెలికకు ఆగదు. నివారణ ఒక్క వాక్యం: నీ చేతిని నువ్వు చూస్తూ ఉండు, భుజాన్ని చేతి వెంట తిప్పు. అలా చేస్తే శరీరం, చెయ్యి ఒకే వైపు ఉంటాయి. మధ్యవర్తి ఆ ప్రమాద స్థితిని కనిపెట్టి హెచ్చరిస్తాడు.

ఒక్క వాక్యం. దండనార్హులు అని వ్రాసిన నల్లబల్ల మీదే దాన్ని వ్రాయవచ్చు. వ్రాయడానికి నాకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు. నిషేధించడం తెలుసుకోవడం కంటె తేలిక. నేను నిషేధించినందువల్ల ఆట ఆగిందా? వసతిగృహం వెనుకకు పోయింది. నా కళ్లకు కనబడకుండా, చూసేవాడు లేకుండా సాగింది.

నిబంధన ఎంత మార్పు తెస్తుందో మన చెడుగుడే చెబుతుంది. ఒకప్పుడు దుమ్ములో ఆడే పల్లెటూరి ఆట. ఊరికో తీరు, జట్టుకో లెక్క. గీతలు, కాలపరిమితి, ఏకరూపమైన నియమాలు వచ్చి అది కబడ్డీగా 1990లో బీజింగ్ ఆసియా క్రీడలకు చేరింది. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలయ్యేసరికి ఆ ఆటకు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. బరువులెత్తడం ఆడపిల్లల పని కాదన్న కాలంలో శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి, స్త్రీల బరువుల పోటీ ఒలింపిక్స్‌లో ప్రవేశించిన మొదటిసారే, 2000లో సిడ్నీలో, 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమె. బలం ఇక్కడి మట్టిలో ఎప్పుడూ ఉన్నది. దానికి చోటూ గురువూ దొరికినప్పుడు ఏమవుతుందో ఆమె చూపించింది.

పంజాకు కూడా మన దేశంలో కొంత మంచికాలం వచ్చింది. నటుడు పర్వీన్ దబాస్, మన 'తమ్ముడు' చిత్రంలో నటించిన ప్రీతి ఝంగియాని కలిసి ప్రొ పంజా లీగ్‌ను తెచ్చారు. 2023 జులై, ఆగస్టు నెలల్లో ఢిల్లీలో తొలి పోటీలు జరిగాయి. ఆరు జట్లలో ఒకటి కిరాక్ హైదరాబాద్. అంతిమ పోటీ దాకా వచ్చి కొచ్చి జట్టు చేతిలో ఓడింది. పురుషులతో పాటు స్త్రీలకూ దివ్యాంగులకూ అందులో పోటీలున్నాయి. కాళ్లు లేనివాడు కూడా దీనిలో యోధుడు కాగలడు. ఇన్ని ఆటల్లో ఎన్నిటికి ఆ ఔదార్యం ఉన్నది?

అయితే దీపాలు, కెమెరాలు పేరు తెస్తాయి, గౌరవాన్ని బడి తెస్తుంది. ఇది పెటలూమా నేర్పిన పాఠం, రామ్మూర్తి గారు అంతకుముందే చేసి చూపిన పాఠం. క్రికెట్టుకు మైదానం కావాలి, మా కొండవాలులో చదునైన నేల ఎంత దొరుకుతుంది? దీనికి కావలసింది ఒక బల్ల. ఊరి వడ్రంగి చేయగలడు. రెండు మెత్తలు, రెండు పిడులు. అన్నిటికంటె ముఖ్యం, నియమాలు తెలిసిన ఒక వ్యాయామోపాధ్యాయుడు. ఎముకలు ముదరని చిన్నపిల్లలను పోటీకి దింపకుండా, ముందు భంగిమ నేర్పి, తరువాత పట్టు నేర్పేవాడు. కావడి మోసి, కొండలెక్కి పెరిగిన జాతాపు, సవర పిల్లల చేతులకు బలం ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ బలానికి ఒక కొలత, ఒక సాక్షి, ఒక చప్పట్ల మోత కావాలి.

సంతలో కలిసినవానికి ఆ రోజు నేనేమీ జవాబు చెప్పలేదు. ఇప్పుడైతే చెబుతాను. నువ్వు ఓడిపోలేదు నాయనా, గెలవనూ లేదు. ఆ పోటీ ఫలితం తేలలేదు, ఎందుకంటే మధ్యవర్తి ఆ గదికి ఆలస్యంగా వచ్చాడు. తప్పు ఆటది కాదు.

మీ మీ ఊళ్లలో ఈ ఆటను ఏమని పిలుస్తారో, మీ బడుల్లో దీన్ని ఆడనిచ్చారో లేదో వ్రాయండి. నాలాగా నిషేధించిన పంతుళ్లెవరైనా ఉంటే వారూ మొగమాటపడకుండా వ్రాయండి. తోడు దొరికినందుకు సంతోషిస్తాను.