సాంబాలో ఎక్కించిన రక్తం

2001 డిసెంబరు 13న పార్లమెంటు భవనంపై దాడి జరిగిన కొద్ది రోజులకే ఆపరేషన్ పరాక్రమ్ పేరిట మన సైన్యం పాకిస్తాన్ సరిహద్దుకు కదిలింది. రెండు సేనలూ పది నెలలు ఎదురెదురుగా నిలిచాయి. యుద్ధం జరగలేదు. అయినా 798 మంది సైనికులను కోల్పోయామని ప్రభుత్వమే తరువాత పార్లమెంటుకు తెలిపింది. ఆ లెక్కలోకి ఎక్కని నష్టం ఒకటి ఉంది.

జమ్మూ ప్రాంతంలోని సాంబాలో విధులు నిర్వహిస్తున్న ఒక వైమానిక దళ ఉద్యోగి 2002 జూలైలో జబ్బుపడి అక్కడి సైనిక ఆసుపత్రిలో చేరాడు. జూలై 10న అతనికి ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. కోలుకొని మళ్లీ విధుల్లో చేరాడు. 2014లో తిరిగి అనారోగ్యం పాలైనప్పుడు హెచ్ఐవీ ఉన్నట్లు బయటపడింది. ఆనాటి రక్తమార్పిడే దీనికి మూలమనీ, ఇది సర్వీసు వల్ల కలిగిన వైకల్యమనీ సైనిక వైద్య మండళ్లే తేల్చాయి. 2016లో సర్వీసు పొడిగింపు నిరాకరించి ఇంటికి పంపారు. పరిహారం అడిగితే మాత్రం నిర్లక్ష్యం ఎక్కడా లేదన్నారు. వైద్య మండలి ఒప్పుకున్నదాన్ని అదే వ్యవస్థ న్యాయస్థానంలో కాదనడం మన దేశంలో కొత్తేమీ కాదు.

యుద్ధకాలంలో రక్తం ద్వారా సోకే వ్యాధికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ 1942 నాటి అమెరికా సైన్యం. ఎల్లో ఫీవర్ టీకాను నిలకడగా ఉంచేందుకు కలిపిన మానవ సీరం ద్వారా హెపటైటిస్ బి వ్యాపించింది. దాదాపు 50,000 మంది సైనికులు ఆసుపత్రి పాలయ్యారు. వ్యాధి సోకినవారు సుమారు 3,30,000 మంది ఉంటారని 1987లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. అయితే ఆనాడు ఆ వైరస్ ఏమిటో ఎవరికీ తెలియదు. పరీక్ష అనేదే లేదు. సాంబా విషయంలో ఆ సాకు చెల్లదు. దాతల రక్తానికి హెచ్ఐవీ పరీక్ష 1989 నుంచే మన దేశంలో తప్పనిసరి. రక్తనిధుల లైసెన్సులపై సుప్రీంకోర్టు 1996లోనే కఠిన ఆదేశాలిచ్చింది. అమ్ముకునే దాతలపై నిషేధం 1998లో అమలులోకి వచ్చింది.

సరిహద్దు ఆసుపత్రులకు వెసులుబాటు అవసరమే, కాదనను. రక్తం కారిపోతున్న జవానుకు లైసెన్సున్న రక్తనిధి దొరికేదాకా ఆగమని ఎవరూ చెప్పలేరు. పైగా వ్యాధి సోకిన తొలి వారాల్లో పరీక్షకు దొరకని వ్యవధి ఒకటి ఉంటుంది. ఎంత జాగ్రత్తపడినా కొంత ప్రమాదం మిగిలే ఉంటుంది. కానీ సాంబాలో రోగి తూటా దెబ్బ తిన్నవాడు కాడు, అతన్ని చేర్చింది యుద్ధరంగపు గుడారంలోనూ కాదు. ప్రమాదం గురించి చెప్పి అతని సమ్మతి తీసుకున్నట్లు ఆధారం లేదు. పాత కాగితాలు అడిగితే అందుబాటులో లేవన్న జవాబు వచ్చింది. కాగితాలు తమ దగ్గరే ఉంచుకొని, నిరూపించు అని రోగిని అడగడం ఏ న్యాయం?

నిపుణుల సాక్ష్యం లేదంటూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2021లో అతని ఫిర్యాదును కొట్టివేసింది. 2023 సెప్టెంబరు 26న జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ దీపాంకర్ దత్తాల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. జరిగిన సంఘటనే నిర్లక్ష్యానికి సాక్ష్యమని, అది కాదని నిరూపించుకోవలసిన భారం సైన్యానిదేనని భావించింది. సైన్యం, వైమానిక దళం రెండూ బాధ్యులేనని ప్రకటించి, సుమారు 1 కోటి 54 లక్షల రూపాయలను ఆరు వారాల్లో చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి ఆ రక్తం ఎక్కించి 21 ఏళ్లు దాటింది.