చివరి పేజీని చదవని ప్రభుత్వం

బ్రిటిష్ ఇండియా నాటి పత్రికల పాత ప్రతులు తిరగేసేవారికి ఒక మందు ప్రకటన మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అది డాక్టర్ జె. కాలిస్ బ్రౌన్ క్లోరోడైన్. ఆ ప్రకటనలో మందు గురించి చెప్పిన మాటల కన్నా పెద్దమనుషుల గురించి చెప్పిన మాటలే ఎక్కువ. 1864లో లండన్ న్యాయస్థానంలో ఫ్రీమన్ అనే పోటీ వ్యాపారితో నడిచిన వ్యాజ్యంలో, దీన్ని కనిపెట్టినవాడు నిస్సందేహంగా బ్రౌనేనని వైస్ ఛాన్సలర్ సర్ విలియం పేజ్ వుడ్ అన్నాడట. అది మొదటి సాక్ష్యం. మనీలాలో కలరా చెలరేగినప్పుడు క్లోరోడైన్ ఒక్కటే పనిచేసిందని అక్కడి బ్రిటిష్ కాన్సల్ పంపిన నివేదికను విదేశాంగ మంత్రి ఎర్ల్ రస్సెల్ వైద్య కళాశాలవారికి అందజేశాడట. అది రెండో సాక్ష్యం. తీర్పు వెలువడి ఏళ్లు గడిచినా, మంత్రి పదవి దిగిపోయినా, చివరకు కన్నుమూసినా, ప్రకటన మాత్రం మారలేదు. మంత్రిగారి పేరును మందు సీసాకు అతికించే విద్య మన కాలంలో పుట్టిందనుకునేవారు ఈ ప్రకటనను ఒకసారి చూడాలి.

కాలిస్ బ్రౌన్ 1840లలో మన దేశంలో పనిచేసిన సైనిక వైద్యుడు. కలరాకు విరుగుడుగా ఆయన కలిపిన ద్రవంలో నల్లమందు, గంజాయి సారం, క్లోరోఫాం ఉన్నాయి. విరేచనాలు కట్టడం, నొప్పి తెలియకపోవడం, నిద్ర పట్టడం వరకు అది నిజంగానే పనిచేసింది. రోగి మళ్లీ మళ్లీ అడిగేట్టు కూడా చేసింది. కలరాను మాత్రం నయం చేయలేదు. దగ్గర్లో డాక్టరు లేని కంటోన్మెంటులోనో, తేయాకు తోటలోనో ఉన్న తెల్లవాడి మందుల పెట్టెలో క్లోరోడైన్ లేకపోతే లోటు అన్నంతగా అది పాతుకుపోయింది.

‘పేటెంటు మందు’ అన్న మాటలోనే ఒక మాయ ఉంది. పేటెంటు కావాలంటే తయారీ రహస్యం ప్రభుత్వానికి వెల్లడించాలి. ఈ మందులవాళ్లు కాపాడుకున్నదే ఆ రహస్యాన్ని. కాబట్టి వీటిలో చాలావాటికి పేటెంటే లేదు. ఉన్నదల్లా పేరు మీద, ముద్ర మీద హక్కు. ఇంగ్లండ్‌లో 1783 నుంచి ఇటువంటి మందులపై స్టాంపు పన్ను ఉండేది. షిల్లింగు ధర గల డబ్బాపై ఒకటిన్నర పెన్నీ. అది పన్ను మాత్రమే. డబ్బా మీద ప్రభుత్వ స్టాంపు కనబడితే కొనేవాడికి అది ప్రభుత్వ ఆమోదంలా తోచేది. ఆ భ్రమను తొలగించే ప్రయత్నం వ్యాపారి చేయలేదు సరికదా, ‘స్టాంపు చూసి మరీ తీసుకోండి’ అని ప్రకటించాడు. ఖజానాకు రాబడి వస్తున్నంత కాలం ప్రభుత్వానికీ తొందర లేదు. ఆ పన్ను 1941 దాకా నడిచింది.

లోపల ఏముండేదో బ్రిటిష్ వైద్య సంఘం 1909లో విశ్లేషించి ‘సీక్రెట్ రెమెడీస్’ అనే పుస్తకంగా అచ్చువేసింది. మన దేశంలోనూ బాగా అమ్ముడైన బీచమ్ మాత్రల్లో తేలినవి ముసాంబరం, శొంఠి, సబ్బు. డబ్బా వెల షిల్లింగు ఒకటిన్నర పెన్నీ. అందులోని సరుకు విలువ అర ఫార్దింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు. మన పచారీ కొట్లో కాగితం పొట్లాల్లో దొరికే ముసాంబరమే ఓడ దాటి డబ్బాలో తిరిగొచ్చేసరికి దొరల మందయింది. ఇదే తరహా విరేచనపు మాత్రలతో థామస్ హాలోవే కోటీశ్వరుడయ్యాడు. 1842లో ప్రకటనల మీద ఏడాదికి అయిదు వేల పౌండ్లు వెచ్చించిన ఆయన, 1883లో చనిపోయే నాటికి యాభై వేలు వెచ్చిస్తున్నాడు. మాత్రలు వాడే విధానాన్ని భారతీయ భాషలతో సహా ప్రపంచంలోని నానా భాషల్లో అచ్చు వేయించాడు. ఆయన కట్టించిన మహిళా కళాశాలను 1886లో స్వయంగా విక్టోరియా రాణి ప్రారంభించింది.

ఈ ప్రకటనల పక్కన ఏముండేదో చూస్తే ఆనాటి మొఫసిలు పట్టణం కళ్లకు కడుతుంది. కలకత్తా, బొంబాయి, మద్రాసు కాని ప్రదేశమంతా ఆనాటి పాలకులకు మొఫసిలే. 1845లో జాన్ లాంగ్ ప్రారంభించిన పత్రిక పేరే ‘మొఫసిలైట్’. (డల్హౌసీ ఝాన్సీని కలుపుకున్నప్పుడు రాణి లక్ష్మీబాయి తన పక్షాన వాదించమని పిలిపించుకున్న న్యాయవాది ఈయనే.) తరువాత 1865లో అలహాబాద్ నుంచి ‘పయనీర్’, 1870లలో లాహోర్ నుంచి ‘సివిల్ అండ్ మిలిటరీ గెజెట్’ వచ్చాయి. వీటి ప్రకటనల్లో మందులు, దుకాణాలు, రైళ్లు ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడతాయి. రైలు లేనిదే దుకాణానికి సరుకు రాదు, దుకాణం లేనిదే మందు అమ్ముడుపోదు, మందువాడి డబ్బు లేనిదే పత్రిక అచ్చు కాదు.

రైలుకు ముందు ‘యూరప్ షాపు’ ప్రకటన ఓడ పేరుతో మొదలయ్యేది. ఫలానా ఓడలో దిగిన హామ్, చీజ్, బ్రాందీ, టోపీలు అంటూ సాగేది. ఓడ ఎప్పుడొస్తే అప్పుడే పండుగ. 1853 ఏప్రిల్ 16న బొంబాయి–ఠాణా, 1854లో హౌరా–హుగ్లీ, 1856లో మద్రాసు రాయపురం–వాలాజా రోడ్డు మార్గాలు మొదలై, ఒక్కొక్క జిల్లా కేంద్రాన్నీ అందుకుంటూ పోయాక దుకాణదారు భాష మారింది. 1860లలో మద్రాసులో చిన్న కొట్టుగా మొదలైన స్పెన్సర్స్, 1882లో కలకత్తాలో పుట్టిన వైట్‌వే లెయిడ్‌లా వంటి సంస్థలు ఓడ కోసం ఎదురుచూసేవారితో కాక, జాబు రాస్తే సరుకు తెప్పించుకోగల దూరపు ఖాతాదారులతో మాట్లాడసాగాయి. స్టేషన్లలో ఫలహారశాలలు నడిపినవారే మద్యం వ్యాపారులు కూడా. తూర్పు ఇండియా రైల్వేలో కెల్నర్ పేరు ఆ విధంగానే ఇంటింటి పేరైంది. అలహాబాద్‌లో ఎ.హెచ్. వీలర్ సంస్థ 1888లో ‘ఇండియన్ రైల్వే లైబ్రరీ’ పేరిట కిప్లింగ్ కథలను రూపాయి పుస్తకాలుగా స్టేషన్లలో అమ్మింది. వాటిలోనూ ప్రకటనలున్నాయి.

రైలు వేళల పట్టికలో పాఠకుడిని తికమక పెట్టేది గడియారం. ఇంచుమించు 1870 నుంచి రైళ్లు దేశమంతటా మద్రాసు కాలంతో నడిచాయి. బొంబాయివాడు తన ఊరి గడియారానికి, స్టేషన్ గడియారానికి మధ్య దాదాపు అరగంట తేడా లెక్కవేసుకుని బయలుదేరాలి. 1881లో గవర్నర్ ఫెర్గుసన్ బొంబాయి నగరం మీద మద్రాసు కాలాన్ని రుద్దబోతే జనం ఎదురు తిరిగారు. రెండేళ్లలో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. గడియారం ముల్లు కూడా రాజకీయమేనని వలస ప్రభుత్వానికి అప్పుడే తెలిసివచ్చింది.

ఇంగ్లిషు పత్రికల్లోని ఈ రైలు, హోటలు, ఫలహారశాల ప్రకటనలన్నీ మొదటి, రెండో తరగతి ప్రయాణికుల కోసం. రైలెక్కిన పదిమందిలో తొమ్మిదిమందికి పైగా కింది తరగతి పెట్టెల్లోనే వెళ్లారు. ప్రయాణికుల మీద కంపెనీలకు వచ్చిన ఆదాయంలో సింహభాగం వారిదే. వారిని రమ్మని పిలిచిన ప్రకటన ఒక్కటీ లేదు, ఆ అవసరమూ కలగలేదు. వారి ఊసు వచ్చేది దేశీయ పత్రికల ఫిర్యాదుల్లోనే. పశువుల్లా కుక్కారని, టిక్కెట్ల కిటికీ దగ్గర తన్నారని, మంచినీళ్లు లేవని. వారి డబ్బుతో నడిచిన రైలే వారి కలరానూ మోసింది. హరిద్వార్‌కు 1886లో రైలు చేరింది. 1892 మేళాలో కలరా తలెత్తగానే ప్రభుత్వం యాత్రికులను చెదరగొట్టి పంపేసింది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టాక స్టేషన్లలో దించి ఒళ్లు తడిమి చూసింది కూడా మొదట వీరినే. జబ్బు, జబ్బు వార్త, జబ్బుకు మందు అనే డబ్బా ఒకే బండిలో ప్రయాణం చేశాయి.

నిజంగా పనిచేసే మందు ఒకటి ఆ రోజుల్లోనే ఉంది. చలిజ్వరానికి క్వినైన్. బెంగాల్‌లో 1892 నుంచి తపాలా కార్యాలయాల్లో ఒక్క పైసాకు క్వినైన్ పొట్లాం అమ్మారు. దానికి తీర్పుల సాక్ష్యం లేదు, కాన్సల్ నివేదిక లేదు, రంగుల డబ్బా లేదు. తన సొంత మందును జనంలోకి తీసుకువెళ్లడం చేతకాని ప్రభుత్వం, పక్క వరుసలోని ముసాంబరాన్ని నోరెత్తకుండా చూస్తూ కూర్చుంది.

దేశీయ వ్యాపారికి రైలు ఒక్కటే చాలలేదు. దారి చూపింది తపాలా. 1854 చట్టంతో దూరంతో నిమిత్తం లేకుండా అర్ధణాకు ఉత్తరం పోవడం మొదలైంది. 1877లో వి.పి.పి., 1880లో మనియార్డరు వచ్చాయి. ఆ వి.పి.పి. గురించి మన చరిత్ర పుస్తకాలు తగినంత చెప్పలేదని నా అభిప్రాయం. ముందుగా డబ్బు కట్టనక్కరలేదు. కార్డు ముక్క రాస్తే బంగీ వస్తుంది, పోస్టుమాన్ చేతిలో పైకం పెడితే చాలు. ముక్కూ మొహం తెలియని కలకత్తా వ్యాపారిని కడప జిల్లా రైతు నమ్మగలిగిన ఏర్పాటు ఇది. దానికి మించి, ఊళ్లో అందరికీ తెలిసిన కొట్లో అడగలేని మందును గుట్టుగా తెప్పించుకునే ఏర్పాటు. జామ్‌నగర్ నుంచి మణిశంకర్ గోవిందజీ ‘ఆతంక నిగ్రహ’ మాత్రలు అన్ని భాషల పత్రికల్లో యువకుల ‘నిస్సత్తువ’ గురించి మాట్లాడింది ఆ గుట్టును నమ్ముకునే. కలకత్తాలో 1878లో మొదలైన సి.కె. సేన్ వారి జబాకుసుమ తైలం కూడా ఆయుర్వేదానికి అచ్చు యంత్రాన్ని, తపాలాను జతచేసింది. వైద్యుడు నాడి పట్టుకుని చూసే వైద్యం, చూడకుండానే పంపే సరుకుగా మారింది. చిన్న పట్టణపు దుకాణదారు ఆ మార్పులో ‘ఏజెంటు’ అయ్యాడు. ప్రకటన అడుగున తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకు సరుకు మీది లాభంతో సమానమైన లాభం.

ఇదంతా జరుగుతున్న కాలంలో ప్రభుత్వం పత్రికలను చదవలేదని కాదు, అతిగా చదివింది. లిట్టన్ 1878లో దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు, 1882లో రిప్పన్ రద్దు చేశాడు. చట్టం పోయినా నిఘా పోలేదు. ప్రతి రాష్ట్రంలోనూ అనువాదకులు దేశీయ పత్రికలను చదివి, రాజకీయంగా పనికొచ్చే వాక్యాలను ఇంగ్లిషులో సంగ్రహించి రహస్య నివేదికలుగా అచ్చువేశారు. అసలు ప్రతులు చెదలు తినిపోయిన ఎన్నో చిన్న పత్రికలు ఈనాడు మనకు ఆ నివేదికల్లోనే మిగిలాయి. వాటిలో సంపాదకుడి కోపం ఉంది, కలెక్టరు మీద ఫిర్యాదు ఉంది. ప్రకటనలు లేవు. ఏ పత్రికకు ఎవరి డబ్బు ఊపిరి పోసిందో ఆ నివేదిక చూసి చెప్పలేం. సంపాదకీయంలో రాజద్రోహం వెతికిన ప్రభుత్వం చివరి పేజీలోని అబద్ధాన్ని అడగలేదు. అది ప్రజలకు హాని తప్ప రాజ్యానికి హాని కాదు కదా!

ఆ డబ్బుకు ఎంత బలముందో అమెరికాలో బయటపడింది. 1905లో ‘కాలియర్స్’ వారపత్రికలో మార్క్ సల్లివన్, పేటెంటు మందుల కంపెనీలు చిన్న పత్రికలతో చేసుకునే ఒప్పందాలను ప్రచురించాడు. ఆ రాష్ట్రంలో మందులకు వ్యతిరేకంగా చట్టం వస్తే ఒప్పందం రద్దని వాటిలో ఒక షరతు. అంటే చట్టాన్ని అడ్డుకునే పని పత్రికల నెత్తినే పెట్టారు. మసాచుసెట్స్ శాసనసభలో మందుల బిల్లుపై చర్చ జరిగితే పత్రికలు మౌనం పాటించాయి. ఏడాది తిరక్కుండానే 1906లో అక్కడ ఆహార, ఔషధ చట్టం వచ్చింది.

మన దగ్గర కథ మరో మలుపు తిరిగింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి పేరు తెచ్చారు. ఆ మందు లాభాలతోనే 1908లో ‘ఆంధ్రపత్రిక’ వారపత్రిక పెట్టారు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రిక అయింది. ఆంధ్రోద్యమానికి, జాతీయోద్యమానికి గొంతునిచ్చిన పత్రిక వెనుక తలనొప్పి మందు డబ్బా ఉంది. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ఆయన తన మందుతో కలరాను కుదురుస్తానని చెప్పలేదు, సర్కారుకు భయపడి రాతను మార్చుకోనూలేదు. గాంధీజీ మాత్రం ‘యంగ్ ఇండియా’, ‘నవజీవన్’ పత్రికలకు ప్రకటనలే వద్దన్నారు. ఈ రెండు మార్గాల్లో ఏది గట్టిదని అడిగితే, జీతం మీద బతికిన విలేకరిగా నేను పంతులుగారి వైపే మొగ్గుతాను. చందాలతో నడవడానికి ప్రతి పత్రిక వెనుకా ఒక గాంధీ ఉండడు. అయితే పంతులుగారి పద్ధతిలో యజమాని వ్యక్తిత్వమే ఏకైక పూచీ. ఆయన కాక మరొకరైతే, అదే డబ్బా పత్రిక నోరు మూయించగలదు.

చోప్రా కమిటీ 1931 నివేదికలో రహస్య మందులను గట్టిగా ఖండించింది. ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం స్వాతంత్ర్యం తరువాత, 1954లో గాని రాలేదు. ఆయుర్వేద మందుల ప్రకటనకు ముందస్తు అనుమతి కావాలన్న 170వ నిబంధనను కేంద్రం 2018లో పెట్టింది, 2024 జులైలో తానే తీసేసింది. తప్పుదోవ పట్టించే ప్రకటనల కేసులో ఒక పెద్ద ఆయుర్వేద సంస్థ పత్రికల్లో క్షమాపణ అచ్చువేయించింది కూడా 2024లోనే. మీ ప్రకటన ఎంత పెద్దదో ఈ క్షమాపణ కూడా అంత పెద్దదేనా అని సుప్రీంకోర్టు అడిగింది. మరుసటి రోజు అదే క్షమాపణ మరింత పెద్ద అక్షరాల్లో వచ్చింది.