భిలాయ్: ఉక్కు కర్మాగారపు నీటిపై శీతాకాలపు పక్షులు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. కర్మాగార అవసరాలకు నీటిని నిల్వచేసే మరోడా జలాశయమే శీతాకాలంలో నీటిపక్షులకూ ఆశ్రయం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వీక్షణకు అనువైన కాలం.

ఉత్తరాది శీతల దేశాల నుంచి భారతదేశానికి వలస వచ్చే సూదితోక బాతు నీటిలో తల ముంచి, తోక పైకెత్తి మేస్తుంది. దానికి లోతులేని అంచులే కావాలి. ఎర్రతల బాతు పూర్తిగా మునిగి మేత వెతుకుతుంది. అందువల్ల ఏ జలాశయంలోనైనా నీటిమట్టం మారితే కనిపించే పక్షులూ మారతాయి. ఈల వేసినట్లు కూసే చిన్న బాతును చాలామంది వలసపక్షిగా పొరబడతారు. నిజానికి అది మన చెరువులలోనే గూడు కట్టే స్థానిక పక్షి.

ఫొటో కోసం గట్టు దిగితే గుంపంతా లేచిపోతుంది. మేతతో కూడగట్టుకున్న శక్తి అనవసరపు ఎగురుడులో ఖర్చవుతుంది. తెల్లవారిన తొలి గంటలలో, గట్టుపై నుంచే బైనాక్యులర్‌తో చూడాలి.